పాత కారు ఎంఓటీ ఫెయిల్ చేశారు, నాకు నమ్మకం కుదరట్లేదు, ఏం చెయ్యాలి?

రీడింగ్_రాజు
2008 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, 94 వేల మైళ్లు తిరిగింది. నిన్న ఎంఓటీకి (ఇక్కడ బ్రిటన్‌లో కార్లకి ఏటా చేయించే తనిఖీ) ఇచ్చా, మధ్యాహ్నం ఫోన్ చేసి ఫెయిల్ అన్నారు. మూడు రాశారు. కుడివైపు వెనక సిల్లు (తలుపుల కింద పొడుగునా ఉండే ఇనప అంచు) తుప్పు, సస్పెన్షన్ బిగించే చోటుకి దగ్గరట, అది మేజర్. వెనక బ్రేక్ పైపులు తుప్పు, అదీ మేజర్. ముందు ఎడమవైపు కింది బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) ఏకంగా డేంజరస్. అన్నీ కలిపి రిపేరుకి 1,140 పౌండ్లు అంటున్నాడు, కారు అమ్మినా అంత రాదు. పోయినేడు ఇదే కారు ఇంకోచోట పాస్ అయింది, తుప్పు అన్న మాటే లేదు అందులో. ఏడాదిలో ఇంత తుప్పు ఎక్కణ్ణించి ఊడిపడింది? చూపించమంటే ర్యాంప్ మీద వేరే బండి ఉంది రేపు రండి అన్నాడు, పైగా కారు బయటికి తీస్తే మీదే బాధ్యత అని బెదిరింపు ఒకటి. పాత ఎంఓటీ ఇంకా 12 రోజులుంది. ఇంట్లో ఏమో "నేను చెప్పానా ఎప్పుడో అమ్మెయ్యమని" అని మొదలైంది. ఇలాంటిదాంట్లో గొడవపడి గెలిచినవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?

పుల్లట్టు
12 రోజులుంది కదా, హాయిగా తోలుకో. అది అయ్యేదాకా ఎవడూ అడగడు.

కొవ్వొత్తి
మాది కూడా పోయిన నెల ఫెయిల్. వైపర్ బ్లేడు 😀 9 పౌండ్లతో పోయింది.

స్పానర్_శీను
పుల్లట్టు మాట వినకు రాజూ, జేబుకి చిల్లు పడుద్ది. నేను లెస్టర్‌లో గ్యారేజీలో తొమ్మిదేళ్లుగా ఉన్నా, ఎంఓటీ టెస్టర్ని కూడా, కాబట్టి ఇది నా తిండి. 2018 మే 20 నుంచి ఫెయిల్ రెండు రకాలు, మేజర్, డేంజరస్. మేజర్ ఒక్కటే ఉండి పాత సర్టిఫికెట్ బతికే ఉంటే కారు తీసుకెళ్లొచ్చు. డేంజరస్ ఉంటే మాత్రం పాతది 12 రోజులున్నా 12 నెలలున్నా రోడ్డెక్కకూడదు, పట్టుకుంటే 2,500 పౌండ్ల దాకా ఫైను, మూడు పాయింట్లు, వాళ్లకి కోపమొస్తే బ్యాన్ కూడా. అలాగని గ్యారేజీ వాడికి నీ కారు ఆపుకునే హక్కేమీ లేదు, తీసుకెళ్లాలంటే రికవరీ వ్యాన్ మీద తీసుకెళ్లు.

ఇప్పుడు అసలు మాట. ఒక్క నట్టు కూడా విప్పనివ్వకు. రిపేరు చేయించావా, ఇక నీ అప్పీల్‌కి ఆధారమే ఉండదు, పాత బాల్ జాయింట్ చెత్తబుట్టలో పడ్డాక అది ఊగిందో లేదో ఎవడు చెప్తాడు. వీటీ17 అని ఫారం ఉంది, టెస్ట్ జరిగిన 14 పనిదినాల్లోపు డీవీఎస్‌ఏకి (ఎంఓటీల మీద అజమాయిషీ చేసే ప్రభుత్వ సంస్థ) పంపాలి. వాళ్లు అయిదు రోజుల్లో నీతో మాట్లాడతారు, మళ్లీ చూడాలి అనుకుంటే తేదీ ఇస్తారు, దానికి పూర్తి ఫీజు మళ్లీ నువ్వే ముందు కట్టాలి, నీది నెగ్గితే మొత్తమో కొంతో వెనక్కి ఇస్తారు.

అంతకన్నా ముందు రేపు వెళ్లి ర్యాంప్ కింద నిలబడి చూడు. పైకెత్తితే నిజం కనబడుద్ది.

గోదారిగట్టు
ఏవండీ, టెస్ట్ చేసేవాడూ వాడే, రిపేరు చేసేవాడూ వాడేనాండి, దొంగ చేతికి తాళాలిచ్చినట్టు లేదూ? మా కాకినాడ డాక్టరు ఒకాయన తన ల్యాబ్‌లోనే పరీక్షలు రాసేవాడు, ఆయనకి ఎవరూ ఆరోగ్యంగా కనబడేవారు కాదు. నేను ఎనిమిదేళ్లుగా కౌన్సిల్ వాళ్లు నడిపే ఎంఓటీ సెంటర్‌కే ఇస్తానండి, వాళ్లు కౌన్సిల్ వ్యాన్లు, బస్సులు టెస్ట్ చేస్తా మనవీ చేస్తారు, బయటివాళ్లకి రిపేర్లు చెయ్యరు. మనల్ని ఫెయిల్ చేస్తే వాళ్లకొచ్చేది ఏమీ లేదు కదండి.

స్పానర్_శీను
గోదారిగట్టు గారూ, కౌన్సిల్ సెంటర్ మంచి మాటే. కానీ గ్యారేజీలన్నీ దొంగలు అనేస్తే ఎలా అండీ, నేనూ అందులోనే ఉన్నా. డీవీఎస్‌ఏ వాళ్లు మామూలు కస్టమర్ లాగా లోపం పెట్టిన కారు తీసుకొచ్చి పట్టుకుంటారు మమ్మల్ని. ఎంతమందిని ఫెయిల్ చేశాం, ఒక్కో టెస్ట్‌కి ఎంతసేపు పట్టింది, దేశం సగటుతో పోల్చి లెక్క ఉంటుంది. లైసెన్స్ పోతే మళ్లీ సమోసాలు వేయించుకోవాలి.

పుల్లట్టు
సమోసాలు నువ్వు వేయిస్తే నేనొస్తా 😂 ఆ డేంజరస్ సంగతి నిజంగా తెలీదు అన్నా, నేను మొత్తానికి పాతది ఉంటే చాలనుకున్నా ఇన్నేళ్లు.

ఓరుగల్లు_పోరి
గిదే లొల్లి నాక్కూడ అయింది రెండేండ్ల కింద. టైరు లోపలి అంచు అరిగిందని ఫెయిల్ జేసిండు. నేనేమో రూపాయి బిళ్ల లెక్క 20 పెన్స్ బిళ్ల టైరు గాట్లల్ల పెట్టి జూసి మంచిగనే ఉందనుకున్న. తర్వాత తెల్సింది, నడిమి ముప్పావు భాగంల గాటు లోతు 1.6 మిల్లీమీటర్లు అంతట ఉండాలె, నేను ఒక్క తాననే వెట్టి జూసిన. కొట్లాడనీకి పోయి నేనే శరం పడి వచ్చిన. రాజన్నా, ముందుగాల జూడు, తర్వాత కొట్లాడు.

డల్లాస్_బావ
మా దగ్గర, టెక్సాస్‌లో, 2025 జనవరి 1 నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షనే ఎత్తేశారు. పొగ టెస్ట్ మాత్రం డల్లాస్, హ్యూస్టన్ లాంటి చోట్ల ఉంది. ఇన్‌స్పెక్షన్ పోయింది గానీ దాని 7.50 డాలర్లు పోలేదు, రిజిస్ట్రేషన్‌లో కలిపేసి తీసుకుంటున్నారు. పెళ్లి ఆగిపోయినా పందిరి ఖర్చు కట్టాలన్నట్టు.

ఓరుగల్లు_పోరి
డల్లాస్ బావా, నువ్వు ప్రతి ముచ్చట్ల వచ్చి "మా దగ్గర" అంటవేంది?

డల్లాస్_బావ
దూరంగా ఉన్నవాడికి మాటలే కదా మిగిలేది మరదలా.

రీడింగ్_రాజు
శీనన్నా థాంక్స్. రిపేరు వద్దని మెసేజ్ పెట్టా, రాతలో ఉంటుందని. ఒక అనుమానం, పోయినేడు పాస్ చేసినవాడి మీద కంప్లయింట్ పెట్టొచ్చా? వాడు చూడకుండానే పాస్ చేశాడేమో.

గోదారిగట్టు
తప్పకుండా పెట్టండి. వాణ్ణే ముందు పట్టుకోవాలి.

స్పానర్_శీను
కుదరదు. తప్పుగా పాస్ చేశారు అని ఫిర్యాదు చెయ్యాలంటే తుప్పుకి మూడు నెలలు, మిగతావాటికి 28 రోజులు గడువు. ఏడాది దాటింది. ఒక పని చెయ్యి, ప్రభుత్వం సైట్లో నీ నంబర్ కొట్టి ఎంఓటీ హిస్టరీ చూడు, ఫ్రీయే, 2005 నుంచి ఉంటుంది. నువ్వు కొనకముందువి కూడా చదువు. అడ్వైజరీల్లోనే (ఫెయిల్ చెయ్యకుండా, కనిపెట్టుకుని ఉండమని రాసేవి) అసలు కథ ఉంటుంది, మనోళ్లు పాస్ అన్న పచ్చముక్క చూసి మూసేస్తారు.

బెల్‌ఫాస్ట్_బుజ్జి
ఉత్తర ఐర్లండ్‌లో ఈ తగువే లేదు. నాలుగేళ్లకి మొదటి టెస్ట్, అదీ ప్రభుత్వం సెంటర్లోనే, వాళ్లకి రిపేరు షెడ్డు లేదు. కాకపోతే స్లాట్ దొరకడమే ఒక టెస్ట్ 😩 ఒకసారి నాకు స్లాట్ వచ్చేసరికి బ్యాటరీ చచ్చింది.

సాల్ట్‌లేక్_కాదు_సాల్ట్‌రోడ్
ఏడాదిలో తుప్పు ఎక్కణ్ణించి అంటావేంది రాజన్నా, ఇది చలికాలంలో రోడ్డు మీద ఉప్పు చల్లే దేశం. తెల్లారేసరికి గ్రిట్టింగ్ లారీ పోయిన రోడ్డు చూడు, ఊరగాయ జాడీ మూతలా ఉంటుంది. మనం పైన పాలిష్ కొడతాం, కింద ఎవడూ కడగడు. మార్చి రాగానే గొట్టం పెట్టి చక్రాల లోపల, అడుగున నీళ్లు కొడితే సగం తుప్పు రాదు. నేను అబర్డీన్‌లో ఉంటా, సముద్రం గాలి బోనస్.

నాన్న_గారి_మారుతి
ఇవన్నీ చదువుతుంటే మా నాన్న మారుతి 800కి పదిహేనేళ్లు నిండినప్పటి సంగతి గుర్తొచ్చింది. ఆర్సీ ఇంకో అయిదేళ్లు పొడిగించాలంటే బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి చూపించాలి కదా (పేరు మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ అయినా మా ఊళ్లో అందరూ అలాగే అంటారు). నాన్న ముందురోజు బండి కడిగి, పసుపు రాసి, నాలుగు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించి తీసుకెళ్లాడు. ఆయన హారన్ కొట్టించాడు, లైట్లు వేయించాడు, ఒక రౌండు తిప్పి సడన్ బ్రేక్ వెయ్యమన్నాడు. తర్వాత ఛాసిస్ నంబరు మీద తెల్లకాయితం పెట్టి పెన్సిల్‌తో రుద్దమన్నాడు. అంకెలు ఒక్కొక్కటే తేలుతుంటే నాన్న మొహం చూడాలి, తన పేరు రాయిలో చెక్కినట్టు సంబరపడ్డాడు. ఆ కాయితం కాపీ ఇప్పటికీ బీరువాలో ఉంది, బండి లేదు.

పుల్లట్టు
నిమ్మకాయలు పెడితే డీవీఎస్‌ఏ వాడు దాన్ని కూడా ఆయిల్ లీక్ అని రాస్తాడు.

అనంతపురం_సామి
ఇప్పుడు ఆ ఆర్సీ రెన్యువల్‌కే కారుకి 5 వేలు సామీ, 2022 ఏప్రిల్ నుంచి. యాడ చూసినా పాత బండంటే లోకువే.

రీడింగ్_రాజు
రెండు సంగతులు చెప్పాలి, ఒకటి చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

వెళ్లి చూశా. ర్యాంప్ ఎత్తాడు. బ్రేక్ పైపుల మీద నల్లటి మడ్డి, మధ్యమధ్యలో ఎర్రగా ఉంది, నాకు పెద్ద తుప్పులా అనిపించలేదు. బాల్ జాయింట్ దగ్గర ఇనప కడ్డీ పెట్టి ఊపి "చూడు" అన్నాడు, నాకు ఏమీ ఊగినట్టు లేదు, మళ్లీ ఊపమంటే చిరాకు పడ్డాడు. సిల్లు దగ్గరికి వచ్చేసరికి వేలుతో చూపించాడు, నల్ల రంగు ఉబ్బి ఉంది అంతే. కొట్టి చూపించమంటే రేపు వెల్డింగ్ చేసేటప్పుడు మీకే తెలుస్తుంది అన్నాడు. కోపమొచ్చి 90 పౌండ్లు ఇచ్చి టో చేయించి ఇంటికి తెచ్చా. నిన్న రాత్రే వీటీ17 పంపేశా.

రెండోది, హిస్టరీ చూశా. నేను ఈ కారు 2023లో కొన్నా. 2022 టెస్ట్‌లో అడ్వైజరీ ఉంది, రెండు సిల్లులూ వెనకవైపు పైపైన తుప్పు అని. పోయినేడు దాంట్లో తుప్పు లేదు గానీ చివర్న "అడుగంతా మందంగా అండర్‌సీల్ పూసి ఉంది" అని ఒక లైను ఉంది, నేను అప్పుడు అది మెచ్చుకోలు అనుకున్నా. కొన్నరోజు కూడా అడుగు నిగనిగలాడుతుంటే ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నాడో పాత ఓనర్ అని మురిసిపోయా.

స్పానర్_శీను
అయ్యో రాజూ. అది కార్ల లోకంలో పౌడర్ రాయడం. తుప్పు గీకకుండా దాని మీద తారు లాంటి రంగు కొడితే లోపల తేమ చిక్కుకుని ఇంకా తొందరగా తింటుంది. టెస్టర్ ఏమీ విప్పకూడదు, గునపంతో పొడవకూడదు, కొట్టి నొక్కి చూడటమే, అందుకే పోయినేటి వాడికి దొరక్కపోవచ్చు. సిల్లు విషయంలో నువ్వు ఓడిపోతావేమో, ఇప్పుడే చెప్తున్నా. సస్పెన్షన్, సీట్ బెల్టు, స్టీరింగ్ బిగించే చోట్ల చుట్టూ 30 సెంటీమీటర్ల లోపల ఇనుము బలం పోతే ఫెయిలే, అదే 31వ సెంటీమీటర్లో ఉంటే చాలావరకు బతికిపోతావు.

బ్రేక్ పైపుల్లో మాత్రం నీకు దారి ఉంది. పైన ఎర్రగా ఉంటే ఫెయిల్ కాదు, పైపు గోడ మందంలో మూడో వంతు తినేస్తే ఫెయిల్. మామూలు పైపు మందమే 0.7 మిల్లీమీటర్లు, అందులో పావు మిల్లీమీటరు పోవాలి. మడ్డి తుడవకుండా అది ఎలా తెలుస్తుంది? బాల్ జాయింట్ కూడా, ఊడిపోయేలా ఉంటేనే డేంజరస్, అరిగి బాగా ఊగితే మేజర్, కొంచెమైతే అడ్వైజరీ.

గోదారిగట్టు
ఎందుకండీ ఇంత తిప్పలు, నేరుగా ఇంకో సెంటర్లో మళ్లీ ఎంఓటీ చేయించేస్తే పోదూ? పాస్ అయితే పాస్.

స్పానర్_శీను
అదీ చెయ్యొచ్చు, తప్పేం లేదు, మొదటి ఫెయిల్ మాత్రం రికార్డులో అలాగే ఉంటుంది. డేంజరస్ రాసిన కారు అక్కడిదాకా ఎలా తోలతాడండీ మళ్లీ టో కాకుండా? పైగా రెండోవాడు సిల్లు పట్టుకున్నాడంటే రెండు ఫెయిళ్లు.

ఓరుగల్లు_పోరి
గా అమ్మినోన్ని వట్టుకోరాదా అన్నా?

రీడింగ్_రాజు
ఎక్కడ పట్టుకునేది, గంట సేపు మాట్లాడి క్యాష్ ఇచ్చి వచ్చా, నంబరు కూడా పోయింది. వాడు ఆరోజు టీ కూడా ఇచ్చాడు.

నర్సమ్మ_లీడ్స్
ఆ టీ ఖరీదు తర్వాత తెలిసిందన్నమాట.

రాజు గారూ ఒక్కటి, ఈలోపు ఆఫీసుకి ఎలా వెళ్తున్నారు? మాకు నైట్ షిఫ్ట్ అయ్యాక బస్సు ఉండదు, నా కారు ఫెయిల్ అయినప్పుడు నేను వాదన పెట్టుకోలేదు, 400 కట్టేసి చేయించేసుకున్నా. నాలుగు రోజులు కారు లేకపోతే అంతకన్నా ఎక్కువ పోయేది నాకు. న్యాయం కోసం ఆగే తీరిక అందరికీ ఉండదు.

రీడింగ్_రాజు
నిజమే అక్కా. నాకు రైలు ఉంది, వారంలో రెండు రోజులే ఆఫీసు, అందుకే ఈ పట్టుదల. డ్యాన్స్ క్లాసుకి పిల్లని పక్కింటివాళ్లు తీసుకెళ్తున్నారు, ఆ మొహమాటం వేరే.

కొవ్వొత్తి
అప్‌డేట్ ఏదన్నా ఉందా? రెండు వారాలైంది.

డల్లాస్_బావ
ఊరంతా ఎదురుచూస్తోంది.

రీడింగ్_రాజు
అయిపోయింది. చావు తప్పి కన్ను లొట్టపోయింది.

డీవీఎస్‌ఏ వాళ్లు నాలుగో రోజు ఫోన్ చేశారు, తేదీ, చోటు చెప్పారు, 54.85 కట్టా, మళ్లీ టో 90. వచ్చినాయన యాభై దాటినవాడు, మాట తక్కువ. నన్ను గీత ఇవతల నిలబెట్టి చూడనిచ్చాడు. ముందు బాల్ జాయింట్. కడ్డీ పెట్టి పైకెత్తాడు, వదిలాడు, చక్రం పైన కింద పట్టుకుని ఊపాడు, టార్చ్ పెట్టి మళ్లీ ఎత్తాడు. "కొంచెం ఉంది, ఫెయిల్ అయ్యేంత లేదు" అన్నాడు. బ్రేక్ పైపు మడ్డి గుడ్డతో తుడిచి, చిన్న పనిముట్టుతో మెల్లగా గీకాడు, లోపల మెరుస్తూ ఇనుము కనబడింది. అది కూడా అడ్వైజరీ. నాకు లోపల దీపావళి.

తర్వాత సిల్లు. చిన్న సుత్తి లాంటిది తీసుకుని ముందు నుంచి కొట్టుకుంటూ వచ్చాడు. టంగ్, టంగ్, టంగ్ అని గంటలా మోగింది, వెనక చక్రానికి జానెడు ఇవతల మాత్రం తప్ అని పడింది, పిండిలో వేలు పెట్టినట్టు మెత్తగా. రెండోసారి కొట్టేసరికి నల్ల రంగు పెచ్చు ఊడి, దాంతోపాటు ఎర్రగా అప్పడం ముక్కల్లా రాలి నేల మీద పడింది. బొటనవేలు పట్టేంత కన్నం. ఆయన నా వంక చూశాడు, నేను నేల వంక చూశా. వెనక సీటు బెల్టు బిగించి ఉండేది దానికి కొంచెం పైనే, ఆ సీట్లో కూర్చునేది మా పాప.

కాబట్టి కాయితం మీద ఫెయిల్ ఫెయిలే, డేంజరస్ పోయింది, బ్రేక్ పైపులు పోయాయి. ఫీజులో కొంత వెనక్కి ఇస్తామన్నారు.

అనంతపురం_సామి
కొండ తవ్వి ఎలకని పట్టినావు అనుకుంటే ఎలక నీదే.

స్పానర్_శీను
చెప్పానా సిల్లు సంగతి. వెల్డింగ్ ఎక్కడ చేయించావు? ప్యాచ్ చుట్టూ ఆపకుండా సీమ్ వెల్డ్ ఉండాలి, ఫిల్లర్‌తో పూడిస్తే మళ్లీ ఫెయిల్ చేస్తారు. అండర్‌సీల్ పూసేముందు ఫోటోలు తీయించుకో, అమ్మేటప్పుడు పనికొస్తాయి.

రీడింగ్_రాజు
స్లావ్‌లో వెల్డింగ్ ఒక్కటే చేసే పెద్దాయన ఉన్నాడు, 260 తీసుకున్నాడు, ఫోటోలు తీశా. కౌన్సిల్ సెంటర్‌లో మళ్లీ ఎంఓటీ 45, నిన్న పాస్. లెక్క వేసి చూస్తే టో రెండుసార్లు 180, అప్పీల్ 54.85, వెల్డింగ్ 260, ఎంఓటీ 45, మొత్తం ఇంచుమించు 540. 1,140 దగ్గర 600 మిగిలింది. బాల్ జాయింట్ ఆరు నెలల్లో ఎలాగూ మార్చాలట.

గోదారిగట్టు
మరి ఆ మొదటి గ్యారేజీ సంగతేంటండీ? రెండు అబద్ధాలు రాశాడు కదా.

రీడింగ్_రాజు
అదే నాకూ తేలట్లేదండి. రెండు తప్పు రాశాడు, మూడోది కరెక్టే రాశాడు, అదేమో అన్నిట్లోకీ పెద్దది. వాణ్ణి తిట్టుకుంటూ వెళ్లి ఆ కన్నం చూశాక నోరు పెగల్లేదు. ఇక అక్కడికి మాత్రం వెళ్లను.

స్పానర్_శీను
రిపోర్టు వాళ్లకి కూడా పోతుంది, టెస్టర్‌కి క్లాసు పీకే ఉంటారు. అది నీ పని కాదు.

పుల్లట్టు
మరి ఇంట్లో ఏమన్నారు?

రీడింగ్_రాజు
600 మిగిలింది అన్నా. "అయితే ఆ 600 వేసి వేరే కారు చూడు" అంది.

నర్సమ్మ_లీడ్స్
😂😂 ఈసారి టీ తాగకుండా చూడండి. అడుగు నల్లగా మెరుస్తుంటే అసలు వద్దు.

కొవ్వొత్తి
సందట్లో సడేమియా, ఇంజన్ లైటు వెలుగుతోంది, ఎంఓటీ వచ్చేవారం. ఆ లైటు ఒక్కదానికే ఫెయిల్ చేస్తారా శీనన్నా?

స్పానర్_శీను
చేస్తారు. కొత్తగా టాపిక్ పెట్టు, ఇక్కడ వద్దు.